షిన్రా టర్క్స్‌ను ఎదుర్కోవడం ఎలా: ఫైనల్ ఫాంటసీ 7లో చర్చి నుంచి సొరంగం దాకా

1997 జనవరి 31న జపాన్‌లో ప్లేస్టేషన్ కోసం విడుదలైన ఫైనల్ ఫాంటసీ 7లో ప్రధాన ప్రత్యర్థుల్లో ఒకటి ఒక విద్యుత్ సంస్థ. షిన్రా ఎలక్ట్రిక్ పవర్ కంపెనీకి సొంత నగరం, సొంత సైన్యం, సొంత పరిశోధనాగారాలు ఉన్నాయి. వాటితో పాటు పరిపాలనా పరిశోధన విభాగం అనే నిస్సారమైన పేరుతో ఒక చిన్న రహస్య దళం కూడా ఉంది. దానినే అందరూ టర్క్స్ అంటారు. సోల్జర్ అనే షిన్రా ప్రత్యేక సైనిక దళానికి పనికివచ్చే మనుషులను వెతకడం వారి అధికారిక పని అని ఆటలోనే చెబుతారు. గూఢచర్యం, అపహరణ, హత్య వంటి పనులు కూడా వారివేనని అదే నోటితో చెబుతారు. నల్ల జుట్టు, నుదుట చుక్క గల నాయకుడు సెంగ్, ఎర్ర జుట్టు రెనో, నల్ల కళ్ళద్దాల వెనక మౌనంగా ఉండే రూడ్, తరువాత చేరిన ఎలీనా అనే నలుగురు మీకు ఆట పొడవునా ఎదురవుతూనే ఉంటారు.

ఈ మార్గదర్శి 1997 నాటి మూల ఆట కోసం రాసినది. 2020, 2024 సంవత్సరాల్లో వచ్చిన పునర్నిర్మాణాల్లో పోరాట పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి వాటిని ఇక్కడ కలపడం లేదు. మరొక మాట కూడా ముందే చెప్పాలి. చాలామంది ఆటగాళ్ళు టర్క్స్‌ను దారిలో అడ్డుపడే బాస్‌లుగా, అంటే బలమైన ప్రత్యర్థులుగా, మాత్రమే చూసి, ఒక్కో పోరాటాన్ని విడివిడిగా గెలుచుకుంటూ పోతారు. నా దృష్టిలో అది సగం ఆటే. టర్క్స్‌తో జరిగే కలయికలన్నీ కలిసి ఒకే కథ. రెండో డిస్క్ చివర షిన్రా నగరమైన మిడ్‌గార్ సొరంగంలో వారితో పోరాడాలా వద్దా అనే నిర్ణయం మీ చేతికి రావడం, రాకపోవడం మొదటి డిస్క్‌లో మీరు చేసిన ఒక ఐచ్ఛిక ప్రయాణంపై ఆధారపడి ఉంటుంది. మొదటిసారి ఆడినప్పుడు ఈ సంగతి తెలియక నేను ఆ ప్రయాణాన్ని వదిలేశాను. సొరంగంలో వారు ఎదురైనప్పుడు నాకు ఎంపికే రాలేదు, నేరుగా పోరాటం మొదలైంది. మీకు అలా జరగకూడదనే కింది క్రమాన్ని సిద్ధం చేశాను.

మొదటి మెట్టు: చర్చి, ఏడో సెక్టార్ స్తంభం

ఐదో సెక్టార్ చర్చిలో రెనో సైనికులతో వచ్చినప్పుడు అతనితో పోరాటం ఉండదు. పూలమ్మే అమ్మాయి ఏరిత్‌ను తప్పించడానికి పైనున్న పీపాలను సైనికుల మీదికి దొర్లించాలి. సరైన పీపా తప్పినా ఆట ఆగిపోదు, ఏరిత్ ఒంటరిగా ఒక సైనికుడితో తలపడవలసి వస్తుంది, అంతే. కాబట్టి ఇక్కడ కంగారు అక్కర్లేదు.

ఏడో సెక్టార్ మీది పలకను మోసే స్తంభం దగ్గర మాత్రం కంగారు పడవలసిందే. మీ జట్టులో కథానాయకుడు క్లౌడ్, అతని సహచరులు బారెట్, టిఫా ఉంటారు. రెనో హెచ్‌పీ (ప్రాణశక్తి అంకె) 1000 మాత్రమే, ఆ దశకు అది పెద్ద అంకె కాదు. ప్రమాదమంతా అతడు వేసే పిరమిడ్ అనే దెబ్బలో ఉంది. అది తగిలిన పాత్ర పారదర్శకమైన గోపురంలో బందీ అయిపోయి ఏ పనీ చేయలేదు. ముగ్గురూ ఒకేసారి బందీలైతే ఓడిపోయినట్టే. విడిపించే పద్ధతిని ఆట సరిగా వివరించదు: స్వేచ్ఛగా ఉన్న పాత్ర ఎవరైనా దాడిని ఎంచుకుని, గురిని రెనో మీద కాకుండా బందీ అయిన స్నేహితుడి మీద పెట్టి కొట్టాలి. గోపురం పగులుతుంది, లోపలి మనిషి మళ్ళీ పోరాటంలోకి వస్తాడు. ఎవరైనా బందీ అయిన వెంటనే, రెనో హెచ్‌పీ ఎంత మిగిలి ఉందన్నది పక్కనపెట్టి, ముందు వారిని విడిపించండి. ఇంకొక్క దెబ్బతో అతడు పడిపోతాడులే అని ఆగినవారే ఎక్కువగా ఓడిపోతారు.

ఈ పోరాటం గెలిచినా ఏడో సెక్టార్ మీది పలక కూలడం ఆగదు. దాని కింద ఎంతమంది ఉన్నారో ఆ ముందు గంటల్లో మీరు వీధివీధి తిరిగి చూశారు. టర్క్స్‌ను తరువాత ఎంత ఇష్టపడినా ఈ దృశ్యాన్ని మరచిపోకూడదని నా అభిప్రాయం. ఆజ్ఞ అప్పటి షిన్రా అధ్యక్షుడిదే కావచ్చు, మీట నొక్కిన చేయి మాత్రం రెనోది. సొరంగంలో నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ బరువు త్రాసులో ఒకవైపు ఉండాలి.

రెండో మెట్టు: మిథ్రిల్ గని, ఆ వెంటనే యుఫీ

షిన్రా భవనంలో లిఫ్టులో మిమ్మల్ని పట్టుకునేది కూడా టర్క్స్‌వారే. ఆ తరువాత మిథ్రిల్ గనిలో రూడ్, ఎలీనా, సెంగ్ ఎదురవుతారు. పోరాటం లేదు, వినడమే పని. స్తంభం దగ్గర గాయపడిన రెనో స్థానాన్ని నింపడానికి ఎలీనా వచ్చిందన్నది ఇక్కడే తెలుస్తుంది. కొత్త ఉత్సాహంలో ఆమె, ఆట ప్రధాన విలన్ సెఫిరోత్ జూనోన్ రేవు వైపు వెళుతున్నాడని నోరు జారుతుంది. మీ తదుపరి గమ్యం మీకు శత్రువు నోటి నుంచే దొరుకుతుంది.

గని దాటగానే యుఫీని జట్టులో చేర్చుకోండి. పైన చెప్పిన ఐచ్ఛిక ప్రయాణానికి ఇదే తాళంచెవి. జూనోన్ పరిసరాల్లోని అడవుల్లో, తరువాత గొంగాగా అడవుల్లో తిరుగుతూ ఉంటే ఒక గుర్తు తెలియని నింజా అమ్మాయి పోరాటానికి దిగుతుంది. ఆమెను ఓడించిన తరువాత కనిపించే చోట ఒక సేవ్ పాయింట్ ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని తాకకండి, మెనూ కూడా తెరవకండి. తెరిస్తే మీ గిల్ (ఆటలోని డబ్బు) కొంత ఎత్తుకుని పారిపోతుంది. నేరుగా ఆమెతో మాట్లాడి, వరుసగా ఈ భావం గల జవాబులు ఎంచుకోండి: ఆసక్తి లేదు, భయంతో బిగుసుకుపోయాను, కాస్త ఆగు, అవునంతే, త్వరగా వెళ్దాం పద. చివరి జవాబు తరువాత ఆమె తన పేరు చెప్పి మీతో చేరుతుంది.

మూడో మెట్టు: గొంగాగా

గొంగాగా అడవిలో రెనో, రూడ్ ఇద్దరూ మిమ్మల్ని గమనించకుండా తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటారు. ఎవరికి ఎవరంటే ఇష్టం అన్నది వారి చర్చ. రూడ్‌కు టిఫా అంటే ఇష్టమని ఇక్కడే బయటపడుతుంది. హంతకుల దళమని విన్న మనుషులు కాలక్షేపపు కబుర్లు చెప్పుకోవడం ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన చిన్న దృశ్యాల్లో ఒకటి. ఆ వెంటనే పోరాటం మొదలవుతుంది. ఇద్దరికీ చెరో 2000 హెచ్‌పీ ఉంటుంది. రెండు వైపులా దెబ్బలు పంచకుండా ఒకరి మీదే అందరూ గురిపెట్టండి. ఇద్దరిలో ఒకరు తగ్గగానే మీ మీద పడే దెబ్బల సంఖ్య సగమైపోతుంది.

పోరాటం కన్నా ముఖ్యమైనది తరువాతి మాట. వారు తమ కోసం ముందే కాచుకుని ఉన్నారంటే తమలో ఎవరో సమాచారం అందిస్తున్నారన్న అనుమానం జట్టుకు కలుగుతుంది. ఆ అనుమానం నిజమేనని తరువాత గోల్డ్ సాసర్ అనే వినోద కేంద్రంలో, మీ జట్టులోనే ఉన్న కెయిట్ సిత్ పురాతన ఆలయాన్ని తెరిచే కీస్టోన్‌ను సెంగ్‌కు అందించినప్పుడు తేలుతుంది. టర్క్స్ ఎక్కడా కష్టపడి వెతికినట్టు కనిపించరు, సమాచారం వారి దగ్గరికి నడిచి వస్తుంది. ఇక్కడ ఉన్నప్పుడే పాడుబడిన రియాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి. షిన్రా అధికారిణి స్కార్లెట్, సెంగ్ అక్కడ మాట్లాడుకోవడం వినిపిస్తుంది, వారు వెళ్ళిపోయాక టైటాన్ మెటీరియా (మంత్రాలు, శక్తులు ఇచ్చే గోళాలే మెటీరియా) దొరుకుతుంది.

నాలుగో మెట్టు: నిబెల్‌హైమ్ నేలమాళిగలో పాత ఉద్యోగి

ఇది తప్పనిసరి కాదు, కానీ టర్క్స్ కథ అర్థం కావాలంటే వదలకూడదు. నిబెల్‌హైమ్‌లోని షిన్రా భవంతి రెండో అంతస్తులో ఒక ఇనుప పెట్టె ఉంది. దాని తాళం సంఖ్యలు ఇవి: కుడికి 36, ఎడమకు 10, కుడికి 59, కుడికి 97. మీకు 20 సెకన్లే ఉంటాయి. అంకెను దాటిపోతే మళ్ళీ మొదటి నుంచి తిప్పాలి, కాబట్టి అంకె దగ్గరపడినప్పుడు వేగం తగ్గించండి. తలుపు తెరుచుకోగానే 7000 హెచ్‌పీ గల లాస్ట్ నంబర్ మీదపడుతుంది. కాబట్టి తిప్పడానికి ముందే అందరికీ వైద్యం చేసి, సేవ్ చేసుకుని ఉండాలి. గెలిస్తే ఓడిన్ మెటీరియాతో పాటు నేలమాళిగలోని గది తాళంచెవి దొరుకుతుంది.

ఆ గదిలో శవపేటికలో నిద్రిస్తున్నవాడు విన్సెంట్ వాలెంటైన్. సెఫిరోత్ గురించి చెప్పి, ఆ తరువాత నువ్వెవరని అడిగితే తాను ఒకప్పుడు టర్క్స్‌లో పనిచేశానని చెబుతాడు. బయటికి నడవడం మొదలుపెడితే వెనకే వచ్చి జట్టులో చేరతాడు. ఈ దళంలో పనిచేసి బయటికి వచ్చిన మనిషిని దగ్గరగా చూసే అవకాశం మీకు ఇతని ద్వారానే లభిస్తుంది. చేసిన పనికి శిక్షగా తనను తానే పేటికలో మూసుకున్న ఆ మనిషిని చూశాక రెనో నిర్లక్ష్యపు నవ్వు మీకు కొంచెం వేరుగా కనిపిస్తుంది.

ఐదో మెట్టు: వుటాయ్, అసలు మలుపు

రాకెట్ టౌన్‌లో టైనీ బ్రాంకో అనే చిన్న విమానం మీ చేతికి రాగానే, కీస్టోన్ వెతకడానికి ముందే, యుఫీ సొంతూరు వుటాయ్‌కు వెళ్ళండి. రెండో డిస్క్ చివర మిడ్‌గార్‌లో దిగేలోపు ఇది పూర్తికావాలి. ఆలస్యం చేయడంలో లాభం ఏమీ లేదు, మరచిపోయే ప్రమాదం మాత్రం ఉంది.

బయలుదేరే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి: వుటాయ్ పొలిమేరలోనే యుఫీ మీ మెటీరియా మొత్తాన్ని ఎత్తుకుపోతుంది. ఆ క్షణం నుంచి ఈ ప్రయాణపు చివరి బాస్ దాకా మీకు మంత్రాలు ఉండవు, మెటీరియాతో వచ్చే వైద్యం ఉండదు. కాబట్టి ఆయుధాలు, కవచాలు ఆ దశలో దొరికే మేలైనవి తొడగండి. పోషన్లు, పడిపోయినవారిని లేపే ఫీనిక్స్ డౌన్లు దండిగా కొనుక్కోండి. ప్రత్యర్థి మీద విసిరే వస్తువులు సంచిలో ఉంటే అమ్మకండి, ఇక్కడే అవి అక్కరకు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, దెబ్బలు తిన్నకొద్దీ సిద్ధమయ్యే ప్రత్యేక దాడులైన లిమిట్ బ్రేక్‌లను వృథా చేయకుండా బాస్ దాకా దాచుకోండి.

ఊళ్ళో టర్టిల్స్ పారడైస్ అనే పానశాలలో రెనో, రూడ్, ఎలీనా సెలవులో ఉంటారు. మిమ్మల్ని చూడగానే ఎలీనా లేస్తుంది. మిగిలిన ఇద్దరూ కదలరు, సెలవు రోజున పని చేయమంటారు. షిన్రా సైనికులు వచ్చి ముఠా నాయకుడు డాన్ కార్నియోను వెతకడానికి సాయం అడిగినా వారి జవాబు అదే. ఎలీనాకు అది నచ్చక ఒంటరిగా వెళుతుంది. ఆ నిర్ణయమే తరువాతి గొడవకు మూలం.

యుఫీ వేటలో దారి తప్పినట్టు అనిపిస్తే ఈ చోట్లు గుర్తుంచుకోండి: ఊళ్ళో ఒక ఇంట్లో మడత తెర వెనక, దుకాణంలో పెట్టె దగ్గర, చివరికి టర్టిల్స్ పారడైస్ బయటి కుండలో. కుండలో దొరికాక తన ఇంటి నేలమాళిగకు తీసుకెళ్ళి మీట లాగమంటుంది. అది ఉచ్చు, మీ సహచరుల మీద పంజరం పడుతుంది. దానికి బాధపడనక్కర్లేదు, కథ అలాగే సాగాలి. ఆ తరువాత గంట మోగిస్తే రహస్య ద్వారం తెరుచుకుంటుంది. లోపల కార్నియో యుఫీతో పాటు ఎలీనాను కూడా పట్టుకుపోతూ కనిపిస్తాడు.

ఇక్కడి నుంచి మీరూ టర్క్స్ ఒకే పక్షం. మహా శిల్పాలు చెక్కిన డా-చావో కొండ ఎక్కితే రాప్స్ అనే ఎగిరే జంతువు ఎదురవుతుంది. హెచ్‌పీ 6000. మెటీరియా లేకుండా పోరాడుతున్నారు కాబట్టి దాచుకున్న లిమిట్ బ్రేక్‌లను ఇక్కడ మొదటి వరుసలోనే వాడేయండి. ఒక పాత్రను పూర్తిగా వైద్యానికే కేటాయించి, మిగిలినవారు దాడి చేస్తే ఇబ్బంది ఉండదు.

తరువాతి దృశ్యాన్ని తొందరగా దాటేయకండి. కార్నియో సంగతి రెనో తేలుస్తాడు. అప్పుడే సంస్థ నుంచి ఫోన్ వస్తుంది, క్లౌడ్‌ను వెతకమని ఆజ్ఞ. క్లౌడ్ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పనిలోకి దిగుదామా అన్న ప్రశ్నకు, ఈ రోజు సెలవు అన్న భావంతో రెనో జవాబిస్తాడు. పలక కూల్చమంటే కూల్చిన మనిషే, సెలవు రోజున శత్రువును చూసి కూడా చూడనట్టు నడిచిపోతాడు. వీరికి నీతి ఉందా లేదా అన్నది వేరే చర్చ, నియమం మాత్రం ఉంది. ఆ నియమం వల్లనే సొరంగంలో మీకు ఎంపిక దొరుకుతుంది.

యుఫీ మెటీరియా తిరిగి ఇచ్చాక ప్రతి పాత్ర అమరికనూ తెరిచి సరిచూసుకోండి. చూసుకోకుండా తరువాతి పోరాటానికి వెళ్ళి, వైద్యం ఎవరి దగ్గర ఉందో వెతుక్కోవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఆరో మెట్టు: సెంగ్ లేని టర్క్స్

పురాతన ఆలయంలో సెంగ్ సెఫిరోత్ చేతిలో గాయపడి కనిపిస్తాడు. రెండో డిస్క్ మొదట్లో ఐసికిల్ ఇన్ దగ్గర ఎలీనా ఆ నేరాన్ని క్లౌడ్ మీద మోపి పిడికిలి ఎత్తుతుంది. ఆ క్షణంలో పక్కకు జరిగితే ఆమే వాలు మీదుగా దొర్లిపోతుంది, జరగకపోతే క్లౌడ్ దెబ్బతిని స్పృహ తప్పి తరువాత లేస్తాడు. ఏది జరిగినా కథ ముందుకు వెళుతుంది.

జూనోన్ జలాంతర్గామి రేవులో రెనో ఎదురైనా అక్కడి పోరాటం అతనితో కాదు, క్యారీ ఆర్మర్ అనే యంత్రంతో. రాకెట్ టౌన్‌లో మాత్రం రూడ్ ఇద్దరు సైనికులతో రాకెట్ దగ్గర అడ్డు నిలుస్తాడు. అతని హెచ్‌పీ 9000. ముందు సైనికులను తొలగించి తరువాత అతని మీద పడండి. ఈ దశకు మీ జట్టు దగ్గర ఉండే శక్తికి ఇది కష్టమైన పోరాటం కాదు.

ఏడో మెట్టు: మునిగిన గెల్నికా

జలాంతర్గామి దొరికాక సముద్రగర్భంలోని గెల్నికా విమానానికి వెళ్ళడం మీ ఇష్టం. కానీ రెనో, రూడ్‌లను అక్కడ కలవాలంటే మిడ్‌గార్ దాడికి ముందే వెళ్ళాలి, తరువాత వెళితే వారు ఉండరు. లోపల తిరిగే సాధారణ ప్రాణులే చాలా బాస్‌ల కన్నా కఠినంగా ఉంటాయి. లోపలి సేవ్ పాయింట్‌ను తప్పక వాడుకోండి.

ఇక్కడ రెనోకు 15,000, రూడ్‌కు 20,000 హెచ్‌పీ. ఈ పోరాటంలో గెలవడం కన్నా దొంగిలించడం ముఖ్యం. రెనో దగ్గర టఫ్ రింగ్, రూడ్ దగ్గర జీడ్రిచ్ ఉన్నాయి. జీడ్రిచ్‌లో మెటీరియా గూళ్ళు ఒక్కటీ లేవు. దానికి బదులుగా అగ్ని, మంచు, పిడుగు వంటి మూలశక్తుల దెబ్బలన్నిటినీ సగానికి తగ్గిస్తుంది. మురుగు కాలువల్లో దొరికిన, దొంగతనం చేయించే స్టీల్ మెటీరియాను ఇద్దరికి తొడగలిగితే మేలు. అది ఎదిగి ఉంటే దొంగతనంతో పాటు దెబ్బ కూడా పడుతుంది. అటువంటప్పుడు వస్తువు దొరికేలోపే ప్రత్యర్థి తగ్గిపోకుండా చూసుకోవాలి. టర్క్స్ చనిపోరు, వెనక్కి తగ్గుతారు. వారు వెళ్ళిపోతే వస్తువు కూడా వారితోనే పోతుంది. కాబట్టి ఇద్దరి దగ్గరా దొంగిలించడం పూర్తయ్యేదాకా పెద్ద దెబ్బలు వేయకండి. మీ లెవెల్ ఎంత ఎక్కువగా ఉంటే దొంగతనం ఫలించే అవకాశం అంత పెరుగుతుంది, కాబట్టి మొదటి ప్రయత్నాలు తప్పినా ఓపిక పట్టండి. ఆ ఓపిక కోసం బారియర్ మెటీరియాతో జట్టును కాపాడుతూ, వేగం పెంచే హేస్ట్ మంత్రం వేసి ఉంచండి. రెనో వేసే నియో టర్క్ లైట్ మీ మనిషిని తికమక పెట్టి సొంతవారినే కొట్టేలా చేయగలదు. అలా జరిగితే ఆ పాత్రను ఆయుధంతో ఒకసారి కొడితే తెలివి వస్తుంది. అందుకు బలహీనమైన ఆయుధం గల పాత్రను వాడండి.

ఎనిమిదో మెట్టు: సొరంగం

రెండో డిస్క్ చివర మిడ్‌గార్‌లో దిగి భూగర్భ సొరంగంలో నడుస్తుండగా రెనో, రూడ్, ఎలీనా ఎదురవుతారు. ఆ సమయానికి షిన్రా ప్రధాన కార్యాలయం దెబ్బతిని, అధ్యక్షుడు రూఫస్ అందులోనే ఉండిపోయాడు. వారికి ఇచ్చిన ఆజ్ఞ మాత్రం ఇంకా రద్దు కాలేదు. వుటాయ్ కథ పూర్తిచేసి ఉంటే ఇక్కడ పోరాడాలా వద్దా అని మిమ్మల్ని అడుగుతారు.

పోరాడాలనుకుంటే సిద్ధమై రండి. ఎలీనాకు 30,000, రూడ్‌కు 28,000, రెనోకు 25,000 హెచ్‌పీ. ఎలీనా దగ్గర మినర్వా బ్యాండ్ ఉంది. అది మహిళా పాత్రలు మాత్రమే తొడగగలిగే మంచి కవచం. గెల్నికాలో చెప్పిన పద్ధతే ఇక్కడా: మొదటి వంతు నుంచే ఎలీనా మీద దొంగతనం, అది దొరికేదాకా పెద్ద మంత్రాలు వద్దు. ఈ కవచం కోసం పోరాడేవారిని నేను తప్పుపట్టను, ఏడో సెక్టార్ కోసం పోరాడేవారిని అసలే తప్పుపట్టను.

నేను మాత్రం ప్రతిసారీ వద్దనే ఎంచుకుంటాను. కొండ మీద వారు క్లౌడ్‌ను చూడనట్టు వెళ్ళిపోయిన రోజును నేను వారికి బాకీ ఉన్నానని అనిపిస్తుంది. కవచం ఒకటి తగ్గినందువల్ల ఆట గెలవడం కష్టమేమీ కాదు. ఆ ఎంపికతో సంభాషణ ముగిసి, ముగ్గురూ ఆయుధాలు దించి తమ దారిన వెళ్ళిపోతారు. మీ మంత్రశక్తి, మీ వస్తువులు అలాగే మిగులుతాయి. అవి అక్కరకు వచ్చే సమయం దగ్గర్లోనే ఉంది, ఎందుకంటే సొరంగం దాటి పైకి వెళ్ళగానే 60,000 హెచ్‌పీ గల ప్రౌడ్ క్లాడ్ అనే యంత్రం, ఆ వెంటనే షిన్రా శాస్త్రవేత్త హోజో వేచి ఉంటారు. ముందుకు సాగే ముందు సొరంగంలోని పెట్టెలన్నీ తెరిచి, జట్టుకు పూర్తిగా వైద్యం చేసుకోండి.